తీగ తప్పిన రాత్రి

గ్దీనియాలో ముప్పై ఒక్క ఏళ్ళు
ట్రాలీబస్సు నడిపాడు జెనాన్.
ఇప్పుడు నన్ను నడిపేదీ అతనేనని
మా వదిన ఎవరితోనో అంటుంటే విని
నవ్వాడు, ముందు పన్ను లేని నవ్వు.

స్పాన్సర్ అంటే
పూచీ పడేవాడనుకున్నాను నేను.
మొదటి రోజే తేల్చేశాడు, చర్చి కింద గదిలో,
కాలే టీ గ్లాసుని అంచు పట్టుకుని:
"డబ్బు అడక్కు. ఇవ్వను.
మీ ఆవిడకి అబద్ధం చెప్పమనకు. చెప్పను.
రోజూ ఆరున్నరకి ఫోన్ చెయ్యి.
చెప్పడానికేం లేకపోయినా చెయ్యి."

ఏం లేకపోతే ఎందుకు, అన్నాను.
"వేలికి దారి తెలియాలి," అన్నాడు.

చేశాను.
వాన పడుతోందని చెప్పాను.
హెరింగ్ చేప ధర పెరిగిందని చెప్పాను.
ఓడల యార్డులో నేను వేసిన వెల్డింగు అతుకుని
ఇన్‌స్పెక్టరు మూడోసారి తిప్పికొట్టాడని చెప్పాను.
ఊఁ, అనేవాడు.
వెనకాల అతని కుక్క గోళ్ళు నేలమీద టకటకమనేవి.
"ఏం తిన్నావు?" అనేవాడు.
అంతే.
ఇంతోటి దానికి ఓ మనిషి కావాలా అని
ఒళ్ళు మండేది నాకు.

నలభై మూడో రోజు
బాగానే ఉన్నాను, అన్నాను.
"సరే. ఇక అసలు సంగతి చెప్పు.
నేనూ ఇదే గొంతుతో చెప్పేవాణ్ణి,
సీటు కింద సీసా దొర్లుతుంటే,
బస్సునిండా బడిపిల్లల్ని పెట్టుకుని."
ఆ మాట తర్వాత చాలాసేపు
కుక్క కూడా కదల్లేదు.

ఫిబ్రవరిలో, మా తమ్ముడు పోయిన తేదీన,
ఇంట్లో అందరూ పడుకున్నాక
మూల మీద దుకాణం దాకా వెళ్ళాను.
అద్దం లోపల సీసాలు
నాకోసమే తలలు దువ్వుకుని నిలబడ్డట్టున్నాయి.
చేతిలో మడిచిన నోటు.
చేసిన ప్రమాణాలు, పిల్ల ముఖం, ఆసుపత్రి మంచం,
ఒక్కటీ గుర్తు రాలేదు, నిజం చెబుతున్నా.
వేలికి మాత్రం దారి తెలుసు.

రెండో రింగుకే ఎత్తాడు.
తాగొద్దు అనలేదు.
"చేతిలో ఏముంది?"
నోటు.
"ఎడమ చేతిలోకి మార్చు."
మార్చాను.
"ఇప్పుడు కుడి చేతిలోకి."
నోటు అటు, ఫోను ఇటు, ఎన్నిసార్లో.
మంచుకి నోటు తడిసి గుడ్డపీలికైంది.
ఈలోగా
కోటు కింద పైజమాతో వచ్చేశాడు ముసలాడు,
కుక్కతో సహా.

ఇంటికి ఎగువ దారి. ఆయాసపడుతూ చెప్పాడు:
మలుపులో ఒక్కోసారి
బస్సు నెత్తిమీది కడ్డీ తీగ తప్పుతుంది.
లోపలంతా చీకటి.
బండి చచ్చిందనుకుంటారు జనం.
డ్రైవరు చేతొడుగులు తొడుక్కుని దిగి,
వెనక్కెళ్ళి తాడు పట్టి లాగి,
కడ్డీని మళ్ళీ తీగకి తగిలిస్తాడు.
"బస్సుని తొయ్యడు. తొయ్యగలడా, అంత బరువుని?
కరెంటూ అతనిది కాదు.
చలిలో దిగడం ఒక్కటే అతని వంతు."

గుమ్మం దగ్గర నన్ను వదిలి
"మేలు చేశావోయ్," అన్నాడు.
ఆ మాట నేను కదా అనాల్సింది?

కిటికీలోంచి చూశాను.
దీపస్తంభం కింద ఆగాడు.
చేతొడుగుని పళ్ళతో లాగి
ఎవరికో ఫోన్ చేశాడు, రాత్రి రెండున్నరకి.
అటువైపు ఎత్తారు కాబోలు.
చలికి బిగిసిన వీధిలో ప్రతి మాటా వినబడింది:
"బొగుస్వావ్, నేనే.
ఏం లేదు.
ఆ దుకాణం ముందు
ఇవాళ నా చేతులు కూడా వణికాయి."