మనుషులెక్కని ఫెర్రీ

ఎనిమిదిన్నర ఫెర్రీకి అందరూ దాటిపోయారు.
పాల వ్యాను, పెళ్ళి నుంచి తిరిగొస్తున్న రెండు కార్లు,
వెనకద్దంలోంచి నాలుక చాపిన పిల్లాడు.
రేవులో ఓడ్వార్ మిగిలాడు,
లారీకి ముందూ వెనకా నారింజ పలకలతో.
లోపల సొరంగం పనికి మందుగుండు.
అదున్న పడవలో జనం ఎక్కకూడదు.

వాన. సిగరెట్టు మానేసి పదకొండేళ్ళైనా
జేబులు తిరగేసి చూపించాలి.
ఒకదాంట్లో తాళాలు, ఇంకోదాంట్లో
రేవులో దొరికిన చిన్న ఎర్ర చేతితొడుగు.
గున్‌వోర్ పట్టీలు ఒక్కొక్కటీ లాగి చూస్తుంది,
నిన్న చదివిన కాగితాన్నే
టార్చి వేసి మళ్ళీ మొదట్నుంచి చదువుతుంది.
"నన్నెరుగుదువు కదా."
"నిన్నెరుగుదును. దాన్నెరగను."

వంద కుర్చీల్లో ఒక్కడే కూర్చున్నాడు.
కాఫీ కొట్టు మూసేశారు.
ఫియోర్డ్ నీళ్ళు నల్లగా, ఊపిరి బిగబట్టినట్టు.
అవతలి గట్టున వంటింటి దీపాలు
ఒకటొకటే ఆరుతున్నాయి.
తన పక్కనుంచి, నలభై దాటకుండా,
ఒక లారీ వెళ్తుందని ఏ దిండుకీ తెలీదు.
తెలిసిందంటే
అతను పని చెడగొట్టినట్టే.

దిగాక బండి ఆపి
గట్టు మీది కమ్మీకి తొడుగు తగిలించాడు,
పిల్లాడి ఎత్తుకి కనబడేట్టు.
"దానికి కాగితాలేవి?" అంది గున్‌వోర్.
టార్చి ఆర్పలేదు.