మైనం పూత

కుండలోకి దిగాలంటే
ముందు ఒక భుజం, తర్వాత రెండోది.
షియో బాబాయి మూతి దగ్గర బోర్లా పడుకుని
దీపం పట్టుకున్నాడు.
"పాడుతూ ఉండు ఎతేరీ,
పాట ఆగిందా, పైకి లాగేస్తా."

నిలువెత్తు మట్టి క్వేవ్రి, మెడదాకా నేలలో పాతింది.
మా కఖేతీలో ద్రాక్షారసం చీకట్లోనే పెరిగి పెద్దదవుతుంది.
చెర్రీ బెరడు కుంచెతో గోడలు రుద్దుతున్నాను,
నిరుటి మడ్డి గోళ్ళలోకి ఎక్కుతోంది.
పక్క కుండ మాత్రం మూత తీయలేదు.
అందులో ఉన్నవి
మాల్ఖాజ్, నేనూ కలిసి తొక్కిన పళ్ళు.
పెళ్ళికని దాచినవి.

ఈస్టర్ వెళ్ళిన వారానికి
బతూమి నుంచి ఫోను చేశాడు, మూడు నిమిషాలు.
అందులో ఒక నిమిషం
అక్కడి వాన గురించి.

ఊళ్ళో అందరూ మంచివాళ్ళే.
రొట్టెలు తెచ్చారు, అక్రోటు పప్పు తెచ్చారు,
"అంతా ఆయన చిత్తం" అనే మాట తెచ్చారు.
మొదటి రెండూ తిన్నాను.

రాత్రిళ్ళు ఆయనతోనే నా పోట్లాట:
కానా ఊళ్ళో పెళ్ళికి పిలిస్తే వెళ్ళావు,
రసం నిండుకుంటే చూసుకున్నావు.
నా ఇంట్లో రసం నిండుగా ఉంది స్వామీ,
పెళ్ళే నిండుకుంది.
దీనికేం చేస్తావు?

మూలనున్న పటంలో ఆయన
అవే పెద్ద కళ్ళతో చూశాడు.
అంతకు మించి ఏమీ లేదు.

"పాట!" పైనుంచి కేక.
ఏం పాడను? పాటలన్నిట్లోనూ వాడున్నాడు.
పాలపళ్ళనాడు నాన్నమ్మ నేర్పిన మాటొకటే
వాడు తాకకుండా మిగిలింది:
మామావో చ్వేనో... మా తండ్రీ...

మట్టి ఆ మాటను పట్టుకుని
గుండ్రంగా తిప్పి
నా వీపు వెనక నుంచి, నాకంటే పెద్ద గొంతుతో
నాకే తిరిగి చెప్పింది.
అద్భుతమేం కాదు,
కుండలో ఎవరి గొంతైనా అంతే.
అయినా ఆర్నెల్లలో మొదటిసారి
నేనన్నది చివరిదాకా
ఎవరో విన్నట్టయింది.
అక్కడే కూలబడి ఏడ్చాను.
బాబాయి తాడు లాగలేదు.
ఏడుపునీ పాట కిందే లెక్కేసుకున్నాడేమో.

కడిగి ఆరాక లోపల ఒక పగులు కనిపించింది.
నిప్పుల కుంపటి దించి, కుండంతా కాగాక,
తేనెమైనం పూశాడాయన.
"చల్లగా ఉంటే అంటదమ్మా.
కాలినప్పుడే మట్టి నోరు తెరుస్తుంది."
కుండ గురించే అన్నాడు.
ఇంకో అర్థం పెట్టి మాట్లాడే మనిషి కాదు.

మైనం పగులును మాయం చేయలేదు.
వేలు పెడితే తగులుతూనే ఉంటుంది.
కారదు, అంతే.

అక్టోబరులో ఫాదర్ గెరాసిమే దగ్గరకెళ్ళి
"పక్క కుండ గుడికి ఇస్తాను, బల్లకి వాడండి" అన్నాను.
ఎందుకని అడగలేదు ముసలాయన.
మర్నాడు గాడిద బండిమీద
తనే ఖాళీ డబ్బాలతో వచ్చాడు.

ఆదివారం. చెంచా కోసం వరుస.
నా ముందు దారో,
మాల్ఖాజ్ తల్లి.
వసంతం నుంచీ నన్ను చూస్తే
వీధి అవతలికి దాటిపోయే దారో.
చేతులు రొమ్ముమీద కట్టుకుని నోరు తెరిచింది.
కొడుకు తొక్కిన పళ్ళు,
మా విందులో తొలి గుటక ఆమెదే కావాల్సింది,
ఎర్రగా, ఒక చెంచాడు.

మింగి, కదల్లేదు.
ఆమెకు తెలిసిందని నాకు తెలిసింది.
నా వంతు వచ్చింది.
రుచి ఎలా ఉందంటే, చెప్పలేను.
నా బాధ ఇంతమంది నోళ్ళలో
ఇంత కొంచెం కొంచెంగా
కరుగుతుందని అనుకోలేదు.

కొవ్వొత్తుల దగ్గర తన మంట వంచి
నా వత్తికి ఇచ్చింది.
మాట్లాడుకోలేదు.
క్షమించానా? ఏమో, ఇంకా వాడి నంబరు
చెరపలేదు, తీయలేదు.

బయట వాన.
దారో కండువా నెత్తిన వేసుకుంటోంది.
నా గొడుగు చిన్నది.
వంతెనదాకా నడిచాం,
ఆమెదో భుజం, నాదో భుజం
తడుస్తూ.