లోపలి గడియ

తేషీ తీరంలో మా పని
పోయినవాళ్ళకి నచ్చిన రూపాలు చెక్కడం.
జాలరికి చేపలాంటి శవపేటిక,
ఉల్లిపాయలమ్మిన ఆవిడకి ఉల్లిపాయ,
బతుకంతా బస్సు తోలినవాడికి
అద్దాలు, హారనుతో సహా ఓ చిన్న బస్సు.
నేనప్పటికి ఉలి పట్టడం
నేర్చుకుంటున్న పిల్లాణ్ణి.
అటా నోర్టే నా గురువు.
రంపం ఆగితే ఆయన పాట మొదలయ్యేది,
పాట ఆగితే రంపం.

ఆ ఏడు వానలు మొదలైన వారం
ఆయన కూతురు కోర్కోయ్‌కి జ్వరం తగిలింది.
పదకొండేళ్ళ పిల్ల.
చెక్కపొట్టుతో ఉంగరాలు చేసి
పదివేళ్ళకీ తొడుక్కుని
మా బల్లల మధ్య రాణిలా తిరిగేది.
బుధవారం ఆసుపత్రికి నడిచి వెళ్ళింది.
శనివారం మోసుకొచ్చాం.

"ఏం రూపం చేస్తావు?" అని అడిగారు అందరూ.
తప్పు కాదు, మా ఊరి ఆనవాయితీ అది.
ఆయన తెల్లటి వావా చెక్క మీద చెయ్యి వేసి
అట్లాగే ఉండిపోయాడు రెండ్రోజులు.
"ఏమీ కాకముందే పోయింది గదా,
దేని రూపం చెయ్యను?"

పాస్టరుగారు వచ్చారు. దేవుడి చిత్తం అన్నారు.
అటా లేచి, రంపాన్ని గోడకి తగిలించి,
"ఆయనా వడ్రంగే కదా అయ్యగారూ,
ఆయన్నే వచ్చి కొలతలు తీసుకోమనండి" అన్నాడు.
పాస్టరుగారు తల దించుకుని
చాలాసేపు ఆ పొట్టులోనే కూర్చున్నారు.
ఆ రోజు ఆయన చేసిన మంచి ప్రార్థన
అదొక్కటేనని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ముసలి ఓకైలే ఏ వాక్యమూ చెప్పలేదు.
ఆకులో చుట్టిన కెంకే ముద్ద ఆయన ముందు పెట్టి,
చీపురు తీసుకుని దుకాణం ఊడ్చింది.
మూలన దొరికిన ఓ పొట్టు ఉంగరాన్ని మాత్రం
ఊడవకుండా ఎత్తి బల్లమీద పెట్టింది.
"నా ముగ్గుర్నీ సముద్రం తీసుకుంది నోర్టే,
నేనింకా ఆదివారం చర్చికి వెళ్తున్నాను.
ఎందుకని అడగకు. కాళ్ళు వెళ్తున్నాయి,
వెనకాల నేను వెళ్తున్నా."

ఆ రాత్రి రంపం చప్పుడు వినిపించింది.
పాట లేదు.
తెల్లారేసరికి ఒక మామూలు పెట్టె.
చేప కాదు, పువ్వు కాదు, రంగైనా లేదు.
మూత తిరగేసి చూస్తే
లోపలివైపు ఇత్తడి గడియ.
పిల్ల బడిపెట్టెది ఊడదీసి బిగించాడు.

"గురువుగారూ, గడియ లోపల పెట్టారేంటి?"
ఆయన దాన్ని వేలితో జరిపి చూశాడు,
మళ్ళీ జరిపాడు.
"బయటినుంచి తియ్యడం మన తరం కాదురా.
పిలిచేవాడు పిలిచిన పొద్దున
పిల్ల చీకట్లో తడుముకోకూడదు."
రెండు చుక్కలు కొబ్బరినూనె వేశాడు,
ఉప్పుగాలికి బిగుసుకుపోకుండా.

అప్పుడు బావురుమన్నాడు.
స్నేహితుడి సమాధి ముందు,
తనే లేపబోతూ కూడా ఏడ్చినవాడు
ఆ పొట్టులో ఎక్కడో
మా పక్కనే చతికిలబడి ఉన్నాడు.
నేను చూడలేదు గానీ, ఒట్టేసి చెప్తాను.

పాట తిరిగి రావడానికి రెండు వానాకాలాలు పట్టింది.
వచ్చినా, పై స్వరానికి మళ్ళీ ఎప్పుడూ ఎక్కలేదు.

ఇప్పుడు దుకాణం నాది.
సింహాలకీ, విమానాలకీ, ఉల్లిపాయలకీ
ఎవరికీ చెప్పకుండా, ఎవరూ డబ్బివ్వకపోయినా
లోపల ఒక గడియ బిగిస్తాను.
కొన్నిసార్లు నమ్మి.
కొన్నిసార్లు చేతికి అలవాటై.
పోయిన నెల మా అమ్మకి చేసినప్పుడు
మరమేకు తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాను.
ఇది నిజంగా తెరుచుకుంటుందా, ప్రభూ?
జవాబేమీ రాలేదు.
దూరంగా పడవల్ని ఒడ్డుకి లాగుతున్న కేకలు.
ఓకైలే మాట గుర్తొచ్చి
చేతిని ముందు పంపాను,
వెనకాల నేను వెళ్ళాను.
మరమేకు బిగిసింది.
నూనె వేసి, జరిపి చూశాను.
చప్పుడు లేకుండా జరిగింది.