నీడ పడే వైపు

బ్లాక్‌టౌన్ దాటాక కొత్త కాలనీ.
అన్నీ నల్ల పెంకులే. చూరు లేదు,
ఇంటికీ ఇంటికీ మధ్య మనిషి పక్కకి తిరిగితే పట్టే సందు.
చూరంటే ఏమిటో ఆఫీసులో చెప్పబోయి, మాట దొరక్క
నుదుటి మీద అరచేయి అడ్డం పెట్టి చూపించాను.

జనవరి. నలభై నాలుగు డిగ్రీలు.
చేతిలో వేడి కొలిచే తుపాకి:
గడ్డి ముప్పై ఆరు, సిమెంటు యాభై ఎనిమిది,
జారుడుబల్ల డెబ్బై ఒకటి.
జారుడుబల్ల దగ్గర ఎవరూ లేరు.

బస్టాపులో ఐదుగురున్నారు
ఒకరి వెనక ఒకరు, కరెంటు స్తంభం నీడలో.
నీడ జరిగితే వరసా జరుగుతోంది.
మధ్యాహ్నానికి వాళ్ళే ముల్లు.

బెంచీ ఖాళీ.
మూడేళ్ళ క్రితం ఈ స్టాపు గీసింది నేనే.
బెంచీకి దక్షిణాన ఒక బ్రష్‌బాక్స్ మొక్క,
కాగితం మీద ఆకుపచ్చ సున్నా.
ఆ సున్నాలో అందరూ చల్లగా కూర్చున్నారు.
మొక్క మాట తప్పలేదు. రెండు నిలువులు పెరిగింది.
దాని నీడంతా పోయి
చెత్తడబ్బా మీద పడుతోంది.

పిల్లల్ని రోడ్డు దాటించే లూపే, టోంగా మనిషి,
ఆగమని చూపే పలకని నెత్తిన పెట్టుకుని అడిగింది:
"ఇది గీసినవాడు ఏ దేశంవాడు?
పొద్దు ఎటు నడుస్తుందో తెలీదా?"

మాది నిడుబ్రోలని చెప్పలేదు.
పదకొండేళ్ళుగా ఇక్కడున్నా నా వీపుకి
ఉత్తరమంటే ఇంకా చలవేననీ చెప్పలేదు.
దక్షిణం యముడి దిక్కు కదా,
ఇక్కడ నీడ ఆయన వాకిట్లోనే ఉంది.

సోమవారం మీటింగు. తెర మీద రాబోయే నగరం:
తెల్ల కప్పులు, గాలికి దారులు, వానని తాగే రోడ్లు.
అన్నీ కావలసినవే, కాదనను.
చివర్లో చెయ్యెత్తాను.
ఒక బెంచీ జరపాలి. నాలుగు బోల్టులు,
ఇద్దరు మనుషులు, ఒక పూట.
ఏ పద్దు కింద రాయను?
కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
రోడ్డు భద్రత అన్నారు. సరే.

ఫిబ్రవరి ఆఖర్లో జరిపారు.
పాతచోట నాలుగు చిల్లులు మిగిలాయి, చీమలు చేరాయి.
లూపే కూర్చుని బూట్లు విప్పింది,
పక్కన జాగా తట్టింది.
ఆకు ఇంకా పలచనే. మా మోకాళ్ళ మీద
ఎండ జల్లెడ పట్టినట్టు పడుతోంది.
తుపాకి పెట్టి చూశాను. ముప్పై తొమ్మిది.
"ఎంత?"
"ఇంకో మూడేళ్ళు" అన్నాను.