సమ్మెటకూ సమ్మెటకూ నడుమ

గూడ్సు బండి చివరి డబ్బాలో కూర్చొని
ఉత్తరాది సముద్రవీరుల కథ రాస్తున్నాను.
సముద్రం చూసింది లేదు.
నేనెరిగిన మంచు
గుంతకల్లు ఐసు ఫ్యాక్టరీ వాకిట్లో
రంపపుపొట్టు కప్పుకున్న దిమ్మె.
నేనెరిగిన అల
గాలికి వాలి లేచే కొర్రచేను.
అయినా నా ఐవిండ్ పడవెక్కాడు,
మూతికి డ్రాగన్ తల చెక్కిన పడవ.
పామిడి కాడ ఎండిన పెన్న ఇసుక మీదే
నలభైమందితో తెడ్లు వేయించాను.

మూడో అధ్యాయంలో ముప్పైమందిని నరికాడు.
నాలుగులో లెక్క తప్పింది.
ట్రిప్పు షీట్ల వెనక తెల్లటి చోటంతా నెత్తురు.
లూపు లైన్లో బండి నిలిస్తే ఒక కోట కూలేది,
సిగ్నల్ ఆలస్యమైతే ఒక ద్వీపం తగలబడేది.

గొడ్డలి బరువెంతో తెలీక ఒకరోజు
కసాపురం రోడ్డు పక్కన
పట్టా కింద కొలిమి పెట్టుకున్న హులిగెమ్మ దగ్గరికి పోయాను.
సుంకన్నది పటకారు.
సమ్మెట ఆమెది.

కథ చెప్పమంది, చెప్పాను.
తిత్తి చక్రం తిప్పే పిల్లోడు తిప్పడం మరిచి విన్నాడు.
ఆమె మాత్రం ఒక గొడ్డలి నా చేతికిచ్చి
"పదిసార్లు లేపు సా" అంది.
ఏడోసారికే భుజం నాది కాకుండా పోయింది.
"మీవోడు ముప్పైమందిని నరికినాడంటివే,
ఆ రాత్రి సంగటి ఏ చేత్తో తినె?"

నాకు తెలీలేదు.
రెండేళ్ళుగా వాడి వెంట తిరుగుతున్నాను.
వాడి గొడ్డలి పేరు తెలుసు,
ఆ గొడ్డలిని చేసినవాడి తాత పేరు తెలుసు,
వాడిది ఎడమచేతివాటమో కాదో తెలీదు.

ఆ నెలంతా ఐవిండ్ ఇనుము ముట్టలేదు.
పడవ మూతి దగ్గర కూర్చొని తల్లిని తలుచుకున్నాడు,
వాన గురించి ఆలోచించాడు,
తాను ఆలోచిస్తున్నానని ఆలోచించాడు.
పదహారు పేజీలు.
ఒడ్డున నిలబడి నిలబడి
శత్రువులు కాళ్ళు పీకి చతికిలబడ్డారు.
చదివి వినిపిస్తే హులిగెమ్మ ఆవలించలేదు, మర్యాదస్తురాలు.
"ఇనుము చల్లారిపాయె సా" అని మాత్రం లేచింది,
కాలిన కమ్మీ దాగలి మీద పెట్టమని మొగుడికి సైగ చేసింది.

అప్పుడు చూశాను.
సమ్మెట పడింది.
అది మళ్ళీ లేచి దిగేలోపు
సుంకన్న పటకారు పావు మలుపు తిప్పాడు.
దెబ్బ. మలుపు. దెబ్బ.
ఇన్నాళ్ళూ నిప్పురవ్వల్నే చూసిన కళ్ళకు
ఆ మణికట్టు కనబడింది.
తిప్పకుంటే ఇనుము ఒకవైపే రేకైపోతుంది,
కొట్టకుంటే ఎంత తిప్పినా కమ్మీ కమ్మీనే.
మొగుడూ పెళ్ళాం ఒక్క మాట అనుకోలేదు.
మా టీ చల్లారేసరికి అది కొడవలి.

ముప్పైమంది ఇప్పుడు ముగ్గురయ్యారు.
మొదటివాడు పడ్డాక
రెండోవాడు మీదికి వచ్చేలోపు, ఆ పావు మలుపులో,
వాడి తోలుజోళ్ళు గుర్తుపట్టాడు ఐవిండ్,
పోయిన చలికాలం తానే కుట్టిచ్చినవి.
గొడ్డలి ఆగలేదు. ఆగితే పోయేది తనే.
దిగిన తీరు మారింది, అంతే.
ఆ రాత్రి తిండి మాత్రం ముందే రాసిపెట్టుకున్నాను:
గంజిగిన్నె ఎడమచేతిలో ఉంటుంది,
కుడిచెయ్యి ఒళ్ళో, ఎవరో మరిచిపోయిన వస్తువులా.

ఇంక మూడోవాడు.
మీసాలు రాని పిల్లోడు, ఈటె తలకిందులుగా పట్టుకున్నాడు.
ఐవిండ్ గొడ్డలి గాల్లో ఉంది.
నంచెర్ల లూపులో బండి ఆగి ఉంది.
వాకీటాకీలో డ్రైవరు అరుస్తున్నాడు,
గార్డ్ సారూ, పచ్చ పడింది, పచ్చ పడింది.

ఒక్క నిమిషమప్పా,
వీణ్ణి తిప్పనీ.