లోపల చోటు లేదు

పదకొండో బిడ్డను ఉయ్యాల కాటాలో కూర్చోబెట్టినప్పుడు
ఫోను మొండికేసింది.
నిల్వ నిండిపోయిందంట.
బిడ్డ కాళ్లాడిస్తా ఉండాడు,
ముల్లు తొమ్మిదీ రెండొందల కాడ వణకతా ఉండాది,
ఎక్కించేదానికి చోటు లేదు.

అరచేతిలో పెన్నుతో రాసుకున్నా.
టీచరమ్మ చెయ్యి చూస్తే చాలు,
నల్లగుట్టపల్లె జాతకమంతా దొరకతాదని
ఆయా సరసమ్మ ఒకటే నవ్వు.

ఈ ఫోను నాది.
పది కంతులు కట్టినా, ఇంకా రెండుండాయి.
దాంట్లో కాపురముండేది మాత్రం వేరేవాళ్లు.
గుడ్ల లెక్కకొక యాపు,
పాల పాకెట్లకి ఇంకొకటి,
బరువుకీ ఎత్తుకీ ఒకటి,
బాలింత మొకం చూసి
ఈమె ఆమేనా కాదా అని తేల్చేది ఒకటి.
రెడ్డెమ్మను నేను పరికిణీలప్పుట్నుంచీ ఎరుగుదును.
ఫోను ఎరగదు.
వెలుతురులో నిలబెట్టి, కొంగు తీయించి,
కండ్లార్పమని మూడుసార్లు అడుగుతాది.
అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఒక్కో యాపూ
తిరునాళ్లకొచ్చి తిరిగి పోని చుట్టం మాదిరి
రొంత లావయి కూర్చుంటాది.

తీసేస్తా వస్తిని.
ముందు ఉరిబిండి నూరే వీడియోలు.
తర్వాత చీటీ లెక్కలు.
తర్వాత గంగజాతరలో
వేపమండ పట్టుకోనుండే నా బొమ్మ,
నేను ఒక్కదాన్నే ఉండే బొమ్మ అదొక్కటే.
వేలూరు నుంచి మా చెల్లెలు పెట్టిన ఆడియో,
పద్దెనిమిది సెకన్లు, సగం తెలుగు సగం అరవం,
నవ్విందో ఏడ్చిందో ఇప్పటికీ తేల్లేదు,
దాని మీద వేలు పెట్టి
తీసేసుకున్నా,
వేలిని.

శనివారం చిత్తూరు బస్సెక్కితిని.
చర్చి వీధిలో తమీమ్ అంగడి.
ఫోను పక్కటెముకలో సూది గుచ్చి
బుల్లి పళ్లెమొకటి లాగినాడు.
దాంట్లో కార్డు పెట్టినాడు,
చిటికెనవేలి గోరంత.
అరవై నాలుగు జీబీలంట, నాలుగు నూర్ల ఎనభై.
కట్టెల బిల్లు రావాల్సిన నెలలు
మనసులో లెక్కపెట్టుకుంటా ఇచ్చినా.

"అక్కా, దీన్ని ఫోనులో కలిపేస్తా.
కలిపినాక ఇంకో ఫోనులో పన్జెయ్యదు.
మధ్యలో లాగితే దాంట్లో ఉండేవన్నీ మూగపోతాయి. సరేనా?"
సరే కాక ఏముందప్పా,
పద్నాలుగేండ్ల కింద నన్నూ అట్నే కలిపినారు.

ఈ కార్డు నిదానమని ఫోను ఒకసారి హెచ్చరించింది.
నిదానం మంచిదే కదా అంటే
తమీమ్ తలెత్తలేదు.
ఒక్కో యాపునూ కార్డు మీదికి తొయ్యబట్టినాడు.
గుడ్లది కదల్లేదు.
బరువుదానికి ఆ బటనే లేదు.
మొకాలది లేత బూడిదరంగులో
మాట విననట్టు నిలబడింది.
"ఇవి పోవక్కా.
చేసినోళ్లే కదలకుండా చేసి పెట్టినారు."

మరి ఏవి పోతాయి?

పోయేవన్నీ నావి.
బస్సు టైములు,
మామిడి రేట్లు చూసుకునేది,
మాపటేళ సంగటి కెలికినాక
రంగు గోళీలు పేల్చుకునే ఆట,
పాటలు, మిగిలిన నాలుగు బొమ్మలు,
పద్దెనిమిది సెకన్ల చెల్లెలు.

నా మూటాముల్లె వాకిట్లో దించి
నడింట్లో సర్కారుకి చాప పరిచినాడు
ఆ పిల్లోడు.
తప్పు వాడిది కాదు.

సోమవారం బిడ్డను మళ్లీ ఎక్కిస్తిని.
తొమ్మిదీ మూడొందలు.
వారంలో నూరు గ్రాములు!
ఒక్క నొక్కుకే ఎక్కింది, పచ్చటి టిక్కు పడింది.
సరసమ్మ నా అరచెయ్యి తిప్పి చూసి
అయ్యో, బోడిగా ఉండాదే అనింది.

రాత్రి చెల్లెల్ని నొక్కినా.
ఎంతకీ పలకలేదు.
గుండ్రటి గీతొకటి తిరగతా ఉండాది, తిరగతా ఉండాది.

ఉండుండు,
వాకిట్లోంచి లేచి రావాల కదా.