లెక్క

మా పక్క దుడ్లను లెక్క అంటారు.
"లెక్క ఉండాదా?" అంటే చేతిలో ఏమన్నా ఉందా అని.
"లెక్కలేదు" అంటే మాత్రం రెండర్థాలు.
రెండోది మా నాయనకు బాగా తెలుసు,
బంగారుపాళ్యం మండీ అరుగు మీద కూర్చోని నేర్చుకున్నాడు.

నేను ఎంపీసీ.
మొగిలీశ్వర్ సార్ బోర్డు మీద లిమిట్స్ రాసి
ఎక్స్ సున్నాకు దగ్గరయ్యే కొద్దీ ఏమవుతుందో చెప్పమంటే
నాకు తోతాపురి రేటు గుర్తొచ్చింది:
ఆ ఏడు పన్నెండు, పోయినేడు ఎనిమిది,
ఈ ఏడు కాయ కోసిన కూలికే చాలని నాలుగు.
సున్నాకు చేరువవుతుంది గానీ సున్నా కాదు సార్,
అని లేచి చెప్పినా.
కరెక్ట్, కూర్చో, అన్నాడు.

పరీక్ష రాసొచ్చిన మూడో వారం
గుజ్జు ఫ్యాక్టరీ గేటు తెరిచినారు.
చెంగమ్మత్త వెంట రాత్రి డ్యూటీకి పోయినా.
నెత్తికి ప్లాస్టిక్ టోపీ, చేతులకు గ్లౌజులు,
బెల్టు మీద కాయలు వస్తానే ఉంటాయి.
మచ్చది ఎడమకు, పచ్చిది వెనక్కి.
నిమిషానికెన్నో ఎంచుకుంటా ఉంటే నిద్ర రాదు.
గోడకు అవతల టోకెన్ కోసం ట్రాక్టర్ల వరస,
అందులో ముప్పై ఎనిమిదోది మా నాయనది.
ఇవతల నేను, అవతల ఆయన,
మూడు రాత్రులు.
నాలుగో రాత్రి బెల్టు మీదకొచ్చినవి మావేనేమో.
ఎట్ల తెలుస్తుంది, తోతాపురి మీద పేరు రాసుండదు.
ఆ గంటసేపు మాత్రం
ఏ కాయకూ మచ్చ నాకు కనపడలేదు.

ర్యాంకు వచ్చింది. తిరుపతిలో సీటూ వచ్చింది.
సచివాలయంలో ఆదాయం సర్టిఫికెట్ ఇచ్చినారు,
ఏడాదికి డెబ్బై రెండు వేలని.
అమ్మ రెండుసార్లు చదివించుకొని
"ఎవురిదిమే ఇది?
అంత లెక్క మనకు యాడొచ్చింది?" అనింది.

ఫీజు గవర్నమెంటే ఇస్తుంది లే, అంటారు అందరూ.
ఇస్తుంది. ఎప్పుడో.
హాస్టలు, మెస్సు అడ్వాన్సు, స్పెషల్ ఫీజు,
డ్రాఫ్టరు, తెల్లకోటు, రెండు జతల బూట్లు కాదు ఒకటి చాలు,
ల్యాప్‌టాప్ అని రాసి కొట్టేసినా.
నలభై మూడు వేలు.
నా పదహారు రాత్రులు ఆరు వేల నాలుగొందలు.
నాయన జేబులో తూకం చీటీ ఉంది,
దానికి లెక్క ఇంకా పడలేదు.
తీసివేత నాకు ఒకటో తరగతి నుంచీ వచ్చు.

పొదుపు సంఘం మీటింగు వళ్ళెమ్మ వసారాలో.
ఈ తడవ లోను వళ్ళెమ్మ వంతే.
రెండేండ్లు కాచుకోనుండాది, ఆవు కోసం.
పలమనేరు సంతలో చూసిపెట్టుకున్నాది కూడా,
నొసట తెల్లచుక్క ఉండే నల్లావు.
అమ్మ అడగలేదు.
గోడకానుకొని కొంగంచు చుట్టేది, విప్పేది.
వళ్ళెమ్మే మినిట్సు పుస్తకం నా పక్కకు తోసింది.
"మీయమ్మ పేరు రాయిమే. ఆవు యాడికి పోతాది."
మళ్ళీ తనే,
"కంతు తప్పితే మాత్రం మీ వాకిట్లోనే పడుకుంటా" అనింది.
అందరూ నవ్వినారు.
నవ్వని ఇద్దరెవరో నాకు గుర్తుంది.
వాళ్ళూ సంతకం పెట్టినారు.
తొమ్మిది సంతకాలు, ఒక వేలిముద్ర.
ఒకరు కట్టకుంటే పదిమందీ కట్టాల.

కాలేజీ ఫారంలో ఒక గడి:
ఫీజు చెల్లించువారి పేరు, బంధుత్వం.
ఒకటే గీత. అంగుళంన్నర.
చాలాసేపు పెన్ను పట్టుకోనుండి
అమ్మ పేరు రాసినా, అక్షరాలు చిన్నవి చేసి,
పక్కన ఇంకా చోటు మిగిలేటట్టు.

పొద్దున ఆరుంబావు బస్సు.
ఒడిలో ట్రంకు పెట్టె, కిటికీలో చిత్తూరు దాటింది.
కాణిపాకం తిరిగే మలుపు కాడ
మా బస్సును రాసుకుంటా ఒక మినీలారీ,
వెనక తాళ్ళు కట్టి నిలబెట్టిన నల్లావు.
నొసలు ఆ పక్కకు తిప్పుకోనుండాది.
చుక్క ఉందో లేదో చూద్దామని
లారీ మలుపు తిరిగే దాకా మెడ చాపినా.